దీవి మూసేసే పూట

డయల్ టోన్ లేదట. బూడిదరంగు పెట్టె ఒకటి తెర మధ్యలోకి వచ్చి ఆ మాట చెప్పి, కింద ‘ఓకే’ అనే మీట ఒక్కటే పెట్టుకుని నిలబడింది. ఓకే కాదు అనడానికి మీట లేదు. నిన్న సాయంత్రం ఉన్న టోను ఇవాళ ఎక్కడికి పోతుంది, ఇదే మోడెమ్, ఇదే గోడ, ఇదే తీగ. గడియారం పదకొండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పన్నెండు కొట్టగానే ఆటని మూసేస్తారు. ఏ దేశంలోనో ఉన్న కంపెనీ, జనం తగ్గారు, ఇక నడపలేం, ఇన్నాళ్ళూ ఆడినందుకు సంతోషం అని పదిహేను రోజులుగా రాస్తూనే ఉంది. ఆ ఆటలో ఒక దీవి, ఆ దీవిలో ఒక సరస్సు, ఆ సరస్సు గట్టున ఈపాటికి నా తమ్ముడు లలిత్ గాలం వేసుకుని కూచుని ఉంటాడు. వాడు ఇల్లు వదిలి మూడేళ్ళయింది. వాడి ఫోన్ నంబరు నా దగ్గర లేదు, అడ్రసు లేదు, ఉన్నదల్లా ఆ గట్టు. వాడికి ఒక మాట చెప్పాలి, తప్పు నాది అని. పదకొండు నెలలుగా పక్కనే కూచుని చెప్పలేకపోయాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రోజుకో వంక చెప్పుకున్నాను, ఇవాళ వాడు అలిసిపోయి ఉన్నాడు, ఇవాళ గట్టు మీద జనం ఉన్నారు, ఇవాళ మంగళవారం. తీరా నేను సిద్ధమైన రోజున మద్దెల నిజంగానే ఓడయి కూచుంది.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే పెట్టె. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైన్సు చెప్పే పంతులమ్మని, తీగలో కరెంటు ఎలా పారుతుందో ఏటా బోర్డు మీద గీసి చూపిస్తాను, బాణం గుర్తులు కూడా వేస్తాను. వరూధిని మిస్ క్లాసులోకి వస్తే ఫ్యాన్ కూడా చప్పుడు చెయ్యదని పిల్లలు చెప్పుకుంటారు. ఈ నల్ల మోడెమ్ పెట్టెకి ఆ భయం లేదు. దాని నొసట అయిదు దీపాలు, రెండు వెలుగుతున్నాయి, మూడు ఆరి ఉన్నాయి. వెలగాల్సింది మూడోది. వీధిలో డోలు మోగుతోంది, ఎవరో లారీ ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు, ఆ తప్‌మనే చప్పుడు, వెంటనే పిల్లల అరుపులు, కాయలో పెట్టిన చిల్లర ఏరుకోవడానికి కాబోలు. ఇవాళ ఆయుధపూజ.

కాటన్‌పేటలో మా నాయన ఆదినారాయణప్పది పసుపు కుంకుమల టోకు అంగడి. కింద అంగడి, పైన మేము. బస్తాలు దులిపినప్పుడల్లా కుంకుమ పొడి మెట్లెక్కి వస్తుంది, కిటికీ ఎండలో నిలబడి కాసేపు ఆలోచించి, ఆ తరువాత తీరిగ్గా దేనిమీదో వాలుతుంది. మా ఇంట్లో గోడలు ఎరుపు, దుప్పట్లు ఎరుపు, పాదాలు ఎరుపు, పిల్లి తెల్లదే అయినా ఎరుపు. చిన్నప్పుడు బడిలో నా నోటుపుస్తకాల అంచులు చూసి అందరూ నాది ఏ ఇల్లో చెప్పేవాళ్ళు. పొద్దున్నే నాయన స్నానం చేసి పంచె కట్టి త్రాసు, తూనికరాళ్ళు, చేటలు, జల్లెళ్ళు, గోనె కుట్టే సూదులు, తాళాలు, ఆఖరికి స్కూటరు, అన్నింటికీ గంధం కుంకుమ పెట్టి పూజ చేశాడు. ఇక రేపు పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ఏ పనిముట్టూ ముట్టకూడదు, అవి నిద్రపోతున్నట్టు లెక్క. నా పెన్నులూ పుస్తకాలూ కూడా అక్కడే నిద్రపోతున్నాయి. కంప్యూటర్ మాత్రం మూడేళ్ళుగా ఆ లెక్కలో లేదు. అది లలిత్‌ది. వాడు పోయాక నాయన దాని వైపు చూడడు, నడిమింట్లో దాన్ని దాటి పోవాల్సి వస్తే గోడ వైపు తిరిగి పోతాడు. పూజ లేనిదానికి నిద్ర ఎక్కడిది, అందుకే ధైర్యంగా దీని ముందు కూచున్నాను. నాయన కింద హమాలీలకి బొరుగులు, అరటిపళ్ళు పంచుతున్నాడు. పన్నెండు దాకా పైకి రాడు.

బాషాకి ఫోన్ చెయ్యాలి. మా ఇంట్లో ఫోన్ తీగకి గోడలో ఒకటే బొక్క ఉంది. నెట్ కావాలంటే ఫోన్ తీగ పీకి మోడెమ్ తీగ పెట్టాలి, ఫోన్ కావాలంటే అది పీకి ఇది పెట్టాలి. పీకాను, పెట్టాను. ఫోన్‌లో టోన్ ఉంది, నిండుగా, తంబురా శ్రుతిలా ఉంది. అంటే లైను బాగానే ఉంది, బాగా లేనిది నా వైపే. మహబూబ్ బాషా మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. పండగ మూడు రోజులూ మూసేసి హిందూపురంలో అక్కగారింటికి పోయాడు. ముసల్మానే అయినా పోయేముందు పన్నెండు కంప్యూటర్లకీ పూలు పెట్టించి పోతాడు, పెట్టకపోతే అద్దెకిచ్చిన పెద్దమునియప్ప ఊరుకోడు. మూడోసారి మోగాక ఎత్తాడు. వెనక పిల్లల గోల, గిన్నెల చప్పుడు.

“టోన్ లేదంటాండాదా అక్కా? గోడకాడ వైరు, మోడెమ్‌కాడ వైరు, రెండు కొసలూ పీకి మళ్ళా గట్టిగా పెట్టు. అయినా రాకుంటే సెట్టింగులో ‘వెయిట్ ఫర్ డయల్ టోన్’ అని ఉంటాది, ఆడ టిక్ తీసేయ్. అది టోన్‌కోసరం కాచుకోకుండా గుడ్డిగా కొడతాది.”

గుడ్డిగా కొట్టడం నాకు కొత్త కాదు. పెట్టేశాను. మోడెమ్ కొస పీకాను, చివర ఎర్రగా ఉంది, మా ఇంట్లో ఏది ఎర్రగా ఉండదు గనక, కొంగుతో తుడిచి మళ్ళీ దూర్చాను. టిక్ తీసేశాను. నొక్కాను. ఈసారి పెట్టె రాలేదు. టక టక టక అని నంబరు కొట్టింది. ఆ తరువాత రావాల్సిన పాట కోసం చెవి ఒగ్గి కూచున్నాను. ముందు ఈల, తరువాత గరగర, తరువాత రెండు పక్షులు ఒకే గింజ కోసం పోట్లాడుకున్నట్టు, ఆ తరువాత ఒక్కసారిగా మౌనం. ఆ మౌనం వచ్చిందంటే దారి తెరుచుకున్నట్టు. పదకొండు నెలలుగా ఆ పాట వింటే నాకు కడుపులో చల్లగా ఉంటుంది, సుప్రభాతం వింటే కూడా అంత ఉండదు. ఇవాళ పాట రాలేదు. అవతలి కంప్యూటర్ పలకడం లేదు అని ఇంకో పెట్టె వచ్చింది. పలకనిది అవతల కాదు, నేను పిలిచింది దానిదాకా పోతే కదా.

పిలిచింది పోవడం పోకపోవడం. దీవిలో కూడా అంతే, పదకొండు నెలలు పక్కన కూచున్నా నా పిలుపు వాడిదాకా పోలేదు. అక్కడ ఎప్పుడూ తెల్లవారి అరగంటయినట్టు ఉంటుంది, సూర్యుడు రెల్లు చివర్ల మీద ఆగిపోయి ఉంటాడు, నీళ్ళు నీలంగా కదులుతాయి, ఎనిమిది అలలు వచ్చాక మళ్ళీ మొదటి అలే వస్తుంది. లెక్కపెట్టాను. మొదట్లో అది బొమ్మ అని తెలుస్తూ ఉండేది, కొన్నాళ్ళకి తెలియడం మానేసింది. నాకు అక్కడ తెల్లగడ్డం, వంగిన నడుము, చేతిలో గాలం. బొమ్మ ఎంచుకోమంటే అదే ఎంచుకున్నాను, పేరు తాత అని పెట్టాను. తాత అని తెలుగువాళ్ళూ అంటారు, కన్నడంవాళ్ళూ అంటారు, అరవంవాళ్ళూ అంటారు, నా గుట్టు బయటపడదు. వాడి పేరు కొబ్బరిమిఠాయి, చిన్నప్పుడు అమ్మ వాణ్ణి తిట్టుకుంటూనే వాడికోసం దాచిపెట్టేది అదే. వాడికి ఏ ఆటలోనైనా అదే పేరని బాషా చెప్పాడు. ఎర్ర టోపీ పెట్టుకుని, చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని కూచుంటాడు, ఆటలో చెప్పులు విడవాల్సిన పని లేదు, అయినా విడుస్తాడు. అది చూసిన రోజున వాడు లలిత్ అని నాకు ఇంక అనుమానం లేకపోయింది. పదహారేళ్ళ కుర్రాడప్పుడు కూడా వాడు అంగడి గడప దగ్గర చెప్పులు విడిచి, జత సరిచేసి, అప్పుడు లోపలికొచ్చేవాడు. నేను విడిచినవి కూడా సరిచేసేవాడు. నేనేనాడూ వాడివి సరిచెయ్యలేదు.

మళ్ళీ నొక్కాను. మోడెమ్ ఆపి, మళ్ళీ వేసేముందు ముప్ఫై లెక్కపెడుతున్నాను. ఇరవై రెండు, ఇరవై మూడు. ఆసుపత్రిలో సెలైన్ బొట్లు కూడా ఇలాగే లెక్కపెట్టేదాన్ని. అమ్మ పేరు సరోజమ్మ, వార్డులో వాళ్ళు పేరు పక్కన మంచం నంబరు రాశారు. పదకొండు రోజులు లలిత్ అక్కడే ఉన్నాడు, రాత్రీ పగలూ, నేల మీద గోనె పరుచుకుని. నేను బడి నుంచి వచ్చి వెళ్ళేదాన్ని. ఆ పన్నెండో రోజు నేను పోయేసరికి వాడు లేడు. నాలుగు గంటల పది నిమిషాలకి అమ్మ పోయింది. అమ్మ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, నేను బయటికి వచ్చి ఆటో ఎక్కాను. ఎక్కడుంటాడో నాకు తెలుసు. బాషా సెంటర్‌లో మూల సీటులో, చెవుల మీద పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లతో, తెర మీద నీలం నీళ్ళు. హెడ్‌ఫోన్లు లాగి నేలకేసి కొట్టాను. వాడు తిరిగి చూసిన చూపు. ఏమిటక్కా అనలేదు, నా మొహం చూసి వాడికే తెలిసిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని నేనే పిల్లల చేత కాపీ రాయించేదాన్ని, యాభైసార్లు. శ్మశానం నుంచి వచ్చాక, కాళ్ళు కడుక్కుంటున్న నలభై మంది చుట్టాల ముందు, తల్లి పోతుంటే వీడు ఆటాడుకుంటున్నాడు అన్నాను. పెద్దగా అన్నాను. క్లాసులో వెనక బెంచీకి వినపడేలా చెప్పడం అలవాటు కదా. వాడు ఒక అడుగు ముందుకొచ్చి, అక్కా, అమ్మే, అని మొదలుపెట్టాడు. నోర్ముయ్ అన్నాను. వాడు మూశాడు. నాయన తల వంచుకుని చెంబులో నీళ్ళు చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఏమీ అనకపోవడం నేనన్నదానికి ముద్ర వేసినట్టయింది. మూడో రోజు పొద్దున వాడి చెప్పులు గడప దగ్గర లేవు.

ముప్ఫై. వేశాను, దీపం వెలగలేదు. పదకొండు దాటి పన్నెండు నిమిషాలయింది. బాషాకి మళ్ళీ చేశాను, తీగ పీకి, తీగ పెట్టి. అయితే పాస్‌వర్డు చూడమన్నాడు, నంబరు చూడమన్నాడు, పోర్టు అనేదేదో చూడమన్నాడు. చూశాను. అన్నీ నిన్నటివే. మోడెమ్ కాలిపోయి ఉంటుందేమో అక్కా అన్నాడు మెల్లిగా, డాక్టర్లు మాట్లాడే గొంతుతో. ఇయ్యాల అంగళ్ళు కూడా ఉండవే అన్నాడు. పెట్టేశాను. వాడికి తెలుసు నేను ఎవరికోసం పోతానో. నాకు మౌసు పట్టుకోవడం నేర్పిన మనిషి. నేను నేలకేసి కొట్టిన హెడ్‌ఫోన్లకి డబ్బిస్తానంటే చెవులు మూసుకున్న మనిషి.

భాగీరథమ్మ రాకపోయి ఉంటే నేను ఇప్పటికీ సుఖంగా కోపంలో ఉండేదాన్ని. అమ్మ పక్క మంచంలో వాళ్ళ అత్తకి చాకిరీ చేస్తుండేది ఆవిడ. అమ్మ పోయిన ఎనిమిది నెలలకి కూతురి పెళ్ళికి కుంకుమ కొనడానికి మా అంగడికే వచ్చింది. నన్ను గుర్తుపట్టి, తమ్ముడెట్లుండాడమ్మా, బంగారట్లా పిల్లోడు అంది. నేను మూతి ముడుచుకుని, వాడి సంగతి ఎత్తొద్దమ్మా, తల్లి పోయే పూట ఆటకి పోయినవాడు అన్నాను.

“ఆయమ్మే గదమ్మా తరిమింది. పదకొండు దినాలాయె నువ్వు కన్ను మూసి, నీ మొగం చూడలేకుండా ఉండా, పోయి ఒక గంట ఆడుకోపో నాయనా అని. నువ్వు పోకుంటే మాత్ర మింగనని పట్టు పట్టింది. ఆ పిల్లోడు ఏడ్చుకుంటా పోయినాడు.”

అరకిలో కుంకుమ పొట్లం కడుతున్నాను అప్పుడు. పురికొస చుట్టలేకపోయాను. అక్కా, అమ్మే, అని వాడు మొదలుపెట్టిన వాక్యం ఎనిమిది నెలల తరువాత ఇంకొకావిడ నోట పూర్తయింది. నాయనకి చెప్పలేదు. చెప్పాలంటే నేను చేసింది చెప్పాలి. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే కుండలో అన్నం తింటూ, ఆ మాట దాచుకుని తిరుగుతున్నాను. పిల్లలకి నిజం చెప్పమని చెప్పడానికి మాత్రం ఏ లోటూ లేదు.

వెతకలేదని కాదు. వాడు తాతకి చెప్పాడు, మడివాళలో ఒక గదిలో అయిదుగురం ఉంటామని, రాత్రంతా ఫోన్లో పరదేశీయుల ఫ్రిజ్జుల గోడు వింటామని, పొద్దున డ్యూటీ దిగి వచ్చి ఒక గంట చేపలు పడితే గాని నిద్ర రాదని. మడివాళ ఎంత దూరం, ఇదే ఊళ్ళో, బస్సులో గంట. ఒక ఆదివారం పోయాను. మార్కెట్ ముందు నిలబడితే ఎటు చూసినా అద్దె గదుల పి.జి. బోర్డులే, అబ్బాయిలకి, అమ్మాయిలకి, ఆంధ్రా భోజనం కలదు. కిటికీ కిటికీకి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. ఏ తువ్వాలు వాడిది. ఎదురుపడితే ఏమంటాను, వాడు మొహం తిప్పుకుంటే నలుగురిలో ఏం చేస్తాను. రెండు కిలోల అనపకాయలు కొనుక్కుని వచ్చేశాను. దీవిలో అయితే వాడు మొహం తిప్పుకోడు, తాత అంటే వాడికి ఇష్టం. ఒకనాడు తాత అడిగాడు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని. చాలాసేపు గాలం కదల్లేదు. ఒక అక్క ఉంది, చాలా తెలివిగలది, ఎప్పుడూ ఆమె అన్నదే నిజమవుతుంది అని రాశాడు. ఎనిమిది అలలు వచ్చాయి, మళ్ళీ ఎనిమిది వచ్చాయి. తాత గడ్డం వెనక నేను కొంగు నోట్లో కుక్కుకుని కూచున్నాను.

పదకొండున్నర. అయిదు దీపాలు, రెండే వెలుగు. నీళ్ళ చప్పుడు చెవుల్లో తిరుగుతోంది, లేదు, అది కింద డోలే. వాడు గట్టు మీద కూచుని పక్క చోటు చూస్తూ ఉంటాడు. తాత రాలేదే అనుకుంటాడు. ఇంటివాళ్ళలాగే తాత కూడా అనుకుంటాడేమో. పన్నెండింటికి నీళ్ళు ఆగిపోతాయి, రెల్లు ఆగిపోతుంది, వాడి ఎర్ర టోపీ ఎక్కడికి పోతుందో ఆ కంపెనీకే తెలియాలి. నాకు ఏడుపొచ్చింది. మోడెమ్‌ని అరచేత్తో కొట్టాను, రెండుసార్లు, గట్టిగా. కొట్టడం, తరువాత ఏడవడం, నా వరస మారలేదు.

ఎవరో వెనక నిలబడినట్టయి తిరిగి చూశాను. నాయన. చేతిలో అరటాకు, దాంట్లో నాకని బొరుగులూ బెల్లమూ. పండగ పూట పెట్టెని కొడుతున్న కూతుర్ని చూస్తున్నాడు.

“దాన్ని ఎందుకు ముట్టినావమ్మా? రేపటిదాకా కదిలించకూడదు గదా,” అన్నాడు.

దీనికి పూజ ఎక్కడ చేశావు నాయనా, అని అడిగాను. ఆకు బల్ల మీద పెట్టి, గోడ వైపు తిరగకుండా, మూడేళ్ళలో నేను చూడగా మొదటిసారి ఆ పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“పొద్దున నువ్వు స్నానానికి పోయినప్పుడు చేసినా. మూడేండ్లు దీనికి పెట్టలేదు. వాడిది గదా, ఎంత దినమని విడిచిపెట్టేది. ఏ పనిముట్టుకైనా నోటికాడ బొట్టు పెట్టల్ల. తాళానికి బొక్కకాడ, త్రాసుకు ముల్లుకాడ. దీనికి నోరు యాడుండాదా అని శానాసేపు చూస్తి. ఆ తీగ దూరేదే నోరనుకుని, తీగ తీసి, లోపలికంటా గంధం కుంకుమ పెట్టి, మళ్ళా తీగ పెట్టేస్తి.”

మోడెమ్ తిప్పి కిటికీ వెలుతురుకి పట్టాను. తీగ దూరే బొక్క నిండా గంధం, ఎండి గట్టిపడి, దాని మీద మా అంగడి మొదటి రకం కుంకుమ. నవ్వొచ్చింది, నవ్వు వెంట ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి రావడం నాకు ఇదే మొదలు. అమ్మ తిట్టుకుంటూ దాచిన మిఠాయిలాగా ఈయన మూడేళ్ళ ప్రేమంతా తెచ్చి సరిగ్గా ఆ బొక్కలో కూరాడు. నాయనకి అర్థం కాలేదు, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. అప్పుడు చెప్పాను. అన్నీ చెప్పాను, వరస లేకుండా, పన్నెండింటికి దీవి మూసేస్తారని, అక్కడ లలిత్ ఉన్నాడని, ఆ పూట వాణ్ణి అమ్మే పొమ్మని తరిమిందని, వాడు చెప్పబోతే నేను నోర్ముయ్ అన్నానని, రెండేళ్ళుగా నాకు ఈ సంగతి తెలుసునని. ఆ పేరు ఈ ఇంట్లో గట్టిగా పలికి మూడేళ్ళయింది. నాయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన మాట్లాడకుండా మెట్లు దిగి పోయాడు. ఇప్పుడు కూడా అంతేనా అనుకుంటూ బొక్కలోకి చూస్తూ కూచున్నాను.

మెట్ల మీద చప్పుడు. నాయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు, అరవై నాలుగేళ్ళ మనిషి. చేతిలో త్రాసు పళ్ళెం తుడిచే చిన్న కుంచె ఉంది, పూజలో పెట్టింది, పిడికి ఇంకా బంతిపువ్వు కట్టి ఉంది. రేపు హారతి అయ్యేదాకా మీద చెయ్యి కూడా వెయ్యనివ్వని మనిషి, తీసుకొచ్చేశాడు. నా గాజులకి ఉన్న పిన్నీసు అడిగాడు. కళ్ళజోడు నొసటికి ఎత్తి, బొక్కలో బంగారు రంగు పళ్ళ మధ్య నుంచి పిన్నీసుతో గంధం పెళ్ళలు ఒక్కొక్కటే తీస్తున్నాడు, రవ్వంత బరువు తేడా లేకుండా తూచే చేతులు, తీశాక కుంచెతో దులిపి, ఊది, మళ్ళీ దులిపి. పదకొండు నలభై. పెట్టు, అన్నాడు. తీగ పెట్టాను. టిక్ మళ్ళీ పెట్టాను. నొక్కాను.

ఈల. గరగర. రెండు పక్షులు. నాయన అది విని ఇదేం శబ్దం అన్నట్టు చూశాడు. ఆ తరువాత మౌనం. మూడో దీపం వెలిగింది.

పేరు కొట్టాను. పాస్‌వర్డు తప్పు అంది, తొందరలో పక్క అక్షరం పడింది, మళ్ళీ కొట్టాను. లోపల జనం నిండిపోయారు, మీ ముందు రెండువందల మంది ఉన్నారు, ఆగండి అంది. మూసేసే రోజున అందరికీ ప్రేమ పుట్టుకొస్తుంది. నూటతొంభై. నూటడెబ్భై. నాయన నా కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు, ఆయన ఊపిరి నా తల మీద తెలుస్తోంది. నలభై. తొమ్మిది. పదకొండు యాభై మూడుకి తాత కళ్ళు తెరిచాడు, తెల్లవారి అరగంటయిన చోట.

దీవి నిండా మనుషులు. ఎవరెవరో ఎగురుతున్నారు, మందుగుండు కాలుస్తున్నారు, వెళ్ళొస్తాం వెళ్ళొస్తాం అని ఎన్ని భాషల్లోనో రాస్తున్నారు. వాళ్ళ బరువుకి ఆటంతా ఈడ్చుకుంటూ నడుస్తోంది, తాత ఒక అడుగు వేసి నిలబడిపోతున్నాడు, మళ్ళీ ఇంకో చోట తేలుతున్నాడు. రెల్లు దాటాను. గట్టు మీద ఎర్ర టోపీ. పక్కన చెప్పుల జత. యాడ యాడ, ఏది వాడు, అని నాయన తెర మీదికి వంగాడు. వేలు పెట్టి చూపించాను. గోరంత బొమ్మ. దాన్ని ఆయన చూస్తూ ఉండిపోయాడు. తాతా, వచ్చినావా అని వాడి తల మీద అక్షరాలు లేచాయి.

ఒక్కసారికి నలభై అక్షరాలే పడతాయి. ముక్కలు ముక్కలుగా కొట్టాను. లలిత్. నేను తాతని కాదు, వరూధినిని. అమ్మే నిన్ను పొమ్మన్నదని తెలిసింది. నువ్వు చెప్పబోతే విననివ్వలేదు. తప్పు నాది. తప్పంతా నాది. తెల్లగడ్డం మనిషి తల మీద ఒక్కో వాక్యం లేస్తోంది, నిలబడుతోంది, చెరిగిపోతోంది. దారిన పోయేవాళ్ళు ఎవరైనా చదవొచ్చు. ఆ రోజు నలభై మంది ముందు అన్నాను కదా, ఇవాళ ఎందరి ముందైనా పరవాలేదు. ఆఖరి ముక్క చెరిగిపోయింది. ఎర్ర టోపీ కదల్లేదు. పదకొండు యాభై ఆరు. అలలు వస్తున్నాయి, అయిదు, ఆరు, ఏడు. లేచి పోతాడు. ఇప్పుడు లేచి పోతాడు, పదకొండు నెలలు మోసం చేశావా అని కూడా అనకుండా చెప్పులు తొడుక్కుని పోతాడు. పోయినా సరే. వాడికి తెలియాల్సింది తెలిసింది. లేదు, పోవద్దు, సరే అని ఎలా అనుకోగలను, పోవద్దు లలిత్.

అక్షరాలు లేచాయి. ఇంగ్లిషు అక్షరాల్లో మా ఇంటి మాటలు, ముక్క వెనక ముక్క.

“పదిన్నర నుంచీ ఇంటికి ఫోన్ చేస్తాండా. నాయన ఈ పొద్దు ఇంట్లో ఉంటాడని. ఒకసారి ఎత్తేవాళ్ళు లేరు, ఒకసారి ఎంగేజ్.”

ఇంకొకటి లేచింది. “నెట్ తీసేయ్ అక్కా. చేస్తాను.”

గోడ వైపు చూశాను. ఒకటే బొక్క, అందులో మోడెమ్ తీగ. ఫోన్ తీగ కింద నేల మీద, గంటన్నరగా నేనే పీకి పడేసింది. వాడు అక్కడ మోగిస్తుంటే నేను ఇక్కడ వాడిని చేరడానికని వాడి దారి మూసుకుని కూచున్నాను. దీవికి ఇంకా మూడు నిమిషాలుంది. మూడు నిమిషాలు ఆ నీళ్ళ పక్కన వాడితో కూచోవచ్చు, ఇంకెప్పుడూ కూచోలేను. ఎర్ర టోపీని ఒకసారి చూసుకుని, లేచి, గోడలోంచి తీగ పీకేశాను. అల సగంలో ఆగిపోయింది. ఫోన్ తీగ తీసి దూర్చాను.

నాయనా నేనూ ఫోన్ బల్లకి చెరో పక్క నిలబడ్డాం. కింద డోలు ఆగి ఉంది. ఆయన పెదవులు కదులుతున్నాయి, మంత్రమో, వాడికి చెప్పాల్సిన మాట కూడబలుక్కోవడమో తెలియలేదు. ఫోన్ మోగింది. ఆయన చెయ్యి ముందుకొచ్చి ఆగింది, నా వైపు చూశాడు, నువ్వే అన్నట్టు తల ఊపాడు. ఎత్తాను. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి, మూడేళ్ళవి, నోరు తెరిచాను. అవతల వాడు ఊపిరి పీల్చడం వినిపించింది, ఏదో మొదలుపెట్టబోతున్నట్టు.

“చెప్పప్పా,” అన్నాను. “నువ్వే చెప్పు. నేను వింటాను.”